బిట్టు నుంచి బల్ల దాకా: ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్‌లో ముందు ఏది మార్చాలి?

కంప్యూటర్ చెప్పినట్టు కదిలి చెక్క కోసే చిన్న సీఎన్‌సీ రౌటర్‌ను ఇంట్లో కట్టుకున్నవాళ్లు ఎవరినైనా అడగండి. మెషిన్ తిరగడం మొదలైన కొన్నాళ్లకే అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే: ఇప్పుడు ఏం మార్చాలి? చెక్క అంచు పీచులు లేస్తోంది. గుండ్రంగా రావాల్సింది నాలుగు పక్కలా చదునుగా వస్తోంది. నేమ్ బోర్డు మీద అక్షరాల గోడలు అలలు అలలుగా పడుతున్నాయి. వెంటనే మనసు బిట్టును తిప్పే స్పిండిల్ పెద్దది కొనడం మీదికో, పెద్ద మోటార్ల మీదికో పోతుంది. ఆన్‌లైన్‌లో దొరికేవి, అప్‌గ్రేడ్ అనే పేరుతో అమ్మేవి కూడా ఎక్కువగా అవే.

నా మాట ఏమిటంటే, కొనే ముందు కొలవండి. బిట్టు మొన దగ్గర మొదలైన బలం బల్ల దాకా వెళ్లే దారిలో ఎక్కడ ఎక్కువ వంగుతోందో తెలుసుకుని, ముందు దాన్ని మార్చండి. చాలా ఇంటి మెషిన్లలో ఆ చోటు స్పిండిల్ కాదు, మోటారు కాదు. దానికి సాయంగా కొన్ని లెక్కలు, విశాఖ గాలిలో ఈ మెషిన్లకు వచ్చే ప్రత్యేకమైన ఇబ్బందులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు మెషిన్ గురించి రెండు ముక్కలు. మూడు దిశల్లో కదిలే ఒక చట్రం, దాని చివర గిర్రున తిరిగే కోత బిట్టు, ఇంతే సీఎన్‌సీ రౌటర్. ఎడమ కుడి కదలిక ఎక్స్, ముందు వెనక వై, పైకి కిందికి జెడ్. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను క్యామ్ సాఫ్ట్‌వేర్ జీ-కోడ్ అనే వరుసలుగా మారుస్తుంది. ఆ వరుసలు చదివి ఏ మోటారుకు ఎన్ని పల్సులు పంపాలో కంట్రోలర్ లెక్కగడుతుంది. 1952లో అమెరికాలోని ఎంఐటీలో ఇలాంటి మెషిన్‌ను మొదటిసారి అందరికీ చూపించినప్పుడు ఆ లెక్క కోసం బీరువాల నిండా వాక్యూమ్ ట్యూబులు కావలసి వచ్చాయి. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం అదే పనిని అరచేతిలో పట్టే ఆర్డుయినో ఊనో బోర్డు మీద చేస్తోంది. అంటే మెదడు చవకైపోయింది. ఎముకలు మాత్రం చవక కాలేదు.

వంగేది ఎక్కడ?

కోసేటప్పుడు బిట్టు చెక్కను నెడుతుంది, చెక్క బిట్టును అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ బలం బిట్టు నుంచి దాన్ని బిగించి పట్టే కాలెట్‌కి, స్పిండిల్‌కి, స్పిండిల్‌ను మోసే జెడ్ పలకకి, ఎక్స్ రాడ్లకి, బల్ల మీదుగా అడ్డంగా నిలిచి నడిచే గాంట్రీ పక్క పలకలకి, వై రాడ్లకి, అడుగు చట్రానికి, బల్ల మీద బిగించిన చెక్కకి చేరి చుట్టు పూర్తి చేసుకుంటుంది. ఈ చుట్టులో ఒక్కచోట మెత్తగా ఉంటే చాలు, మిగతావన్నీ ఎంత గట్టిగా ఉన్నా బిట్టు పక్కకు తప్పుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. చవక కిట్లలో కనిపించే తరహాలో 10 మి.మీ. స్టీలు రాడ్లు రెండు, 400 మి.మీ. పొడవు, రెండు చివర్లూ బాగా బిగించి ఉన్నాయనుకోండి. రాడ్ల మీద జారుతూ మధ్యలో నిలిచిన క్యారేజీని 2 కిలోల బలంతో సూటిగా నెడితే అది సుమారు 0.03 మి.మీ. కదులుతుంది. ఫర్వాలేదే అనిపిస్తుంది. కానీ బిట్టు ఉండేది రాడ్ల దగ్గర కాదు, కింద. రెండు రాడ్ల మధ్య దూరం 50 మి.మీ., బిట్టు మొన కింది రాడ్డుకు 100 మి.మీ. దిగువన ఉందనుకుందాం. ఇప్పుడు అదే 2 కిలోలు మొన మీద పడితే కింది రాడ్డు మీద 6 కిలోలు, పై రాడ్డు మీద ఎదురు దిశలో 4 కిలోలు పడతాయి. పొడవాటి గరిటె కాడను పైన పట్టుకుని అడుగున ముద్దగట్టిన హల్వాని కలుపుతుంటే మణికట్టు మీద పడే భారం ఇదే. క్యారేజీ వాలిపోతుంది, మొన దగ్గర తేడా సుమారు 0.9 మి.మీ. అవుతుంది. పైన 0.03, కింద 0.9. రాడ్లను చేత్తో నెట్టి చూసి గట్టిగానే ఉందనుకునేవాళ్లకి కోతలో ఆ గట్టిదనం కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు రాడ్లు మార్చకుండా, వాటి మధ్య దూరం ఒక్కటే 50 నుంచి 100 మి.మీ.కి పెంచండి. మొన దగ్గర తేడా 0.9 నుంచి 0.34కి పడిపోతుంది. రెండు పక్క పలకల్లో కొత్త రంధ్రాలు, కాస్త పొడవైన జెడ్ పలక, అంతే ఖర్చు. రాడ్లను కూడా 16 మి.మీ.కి మారిస్తే ఆ 0.34 కాస్తా 0.05 అవుతుంది. ఎందుకంటే రాడ్డు గట్టిదనం దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10కి బదులు 16 వేస్తే గట్టిదనం ఆరున్నర రెట్లు. పొడవు విషయంలో మూడో ఘాతం: పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. అందుకే మొదటి మెషిన్‌ని రెండడుగుల పని స్థలంతో మొదలుపెడతానని ఎవరైనా అంటే నేను వద్దంటాను. చేసేవి నేమ్ బోర్డులు, పూజ గది జాలీలు అయితే చిన్నదాంతోనే ముక్కలుగా చేసి అతికించుకోవచ్చు.

ఈ లెక్కలో ఒక ఆశావాదం దాగి ఉంది: చివర్లు బాగా బిగించి ఉన్నాయన్న మాట. అసలు కథ అక్కడే. గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు మేస్త్రికి 16 మి.మీ. రాడ్ల కోసం బొమ్మ గీసి చూపించాను. ఆయన రాడ్లను వదిలేసి, వాటిని పట్టుకునే పలక మీద వేలు పెట్టాడు. "రాడ్డు లావు చేత్తే అయిపోద్దా బాబూ? దాన్ని పట్టుకున్న పలక సంగతేటి? ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు మీద ఇనప దూలం పెడతానంటావేటి?" అని అడిగాడు. పలకలను 12 మి.మీ. అల్యూమినియంతో చేయించమని, రంధ్రాన్ని రాడ్డుకు సరిగ్గా సరిపోయేలా బోరు చేసి, ఒక పక్క చీల్చి బోల్టుతో బిగించే ఏర్పాటు పెట్టమని చెప్పాడు. చిన్న స్క్రూ మొనతో రాడ్డును నొక్కి పట్టే పద్ధతి కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. పట్టు చుట్టూ సమంగా పడుతుంది, రాడ్డు చివర కదలదు. ఈ ఊళ్లో ఆటోనగర్ ఉండటం ఇంట్లో మెషిన్ కట్టుకునేవాళ్లకు పెద్ద వరం. బొమ్మ, కొలతలు సరిగ్గా పట్టుకెళ్తే బోరింగు, మిల్లింగు, సర్ఫేస్ గ్రైండింగు ఆ వీధుల్లోనే చేయించుకోవచ్చు.

ఇక కొలిచే పద్ధతి. దీనికి సన్నని కదలికను కూడా ముల్లుతో చూపే డయల్ గేజ్ ఒకటి, అయస్కాంతపు స్టాండుతో, సూట్‌కేసు బరువు చూసే చిన్న కొక్కెం త్రాసు చాలు. అల్యూమినియం బల్లకు అయస్కాంతం అంటుకోదు కాబట్టి స్టాండు కింద ఒక ఇనప పలకను బిగించండి. మెషిన్ ఆన్ చేసి మోటార్లు పట్టు మీద ఉండగా, స్పిండిల్ కాలెట్‌లో బిట్టుకు బదులు అదే మందం ఉన్న గట్టి పిన్ను పెట్టండి. గేజ్ మొన దానికి ఆనించి ముల్లును సున్నాకు తిప్పండి. రెండో పక్క నుంచి త్రాసు కొక్కేన్ని పిన్నుకు తగిలించి 2 కిలోలు చూపే దాకా మెల్లగా లాగండి. ముల్లు ఎంత జరిగిందో రాసుకోండి. వదిలేయండి. ముల్లు తిరిగి సున్నాకు వచ్చిందా, లేక 0.08 దగ్గరే ఆగిపోయిందా అన్నది మరీ ముఖ్యం. తిరిగి వస్తే అది వంపు. రాకపోతే ఎక్కడో లూజు ఉంది. ఈ రెండింటికీ మందు వేరు.

తర్వాత గేజ్‌ను ఒక్కో మెట్టు పైకి జరుపుతూ అదే లాగుడు మళ్లీ లాగండి: స్పిండిల్ ఒంటి మీద, జెడ్ పలక మీద, ఎక్స్ క్యారేజీ మీద, గాంట్రీ పక్క పలక మీద, చివరికి అడుగు చట్రం మీద. లాగేది మాత్రం ఎప్పుడూ పిన్ను దగ్గరే. పిన్ను దగ్గర 0.60, స్పిండిల్ దగ్గర 0.55, జెడ్ పలక దగ్గర 0.50 ఉండి, ఎక్స్ క్యారేజీకి వచ్చేసరికి 0.15కి పడిపోయిందంటే నేరస్థుడు జెడ్ పలకకీ క్యారేజీకీ మధ్యే ఉన్నాడు. అక్కడ జెడ్ రాడ్లు సన్నవి అయి ఉండొచ్చు, రాడ్ల మీద జారే లీనియర్ బేరింగులు అరిగి ఉండొచ్చు. ఎక్స్ దిశలో ఒకసారి, వై దిశలో ఒకసారి చేస్తే చాలు. ఒక సాయంత్రం పని. ఆ కాగితం చేతిలో ఉంటే ఏది కొనాలన్న టెన్షన్ సగం పోతుంది.

రాడ్ల నుంచి పట్టాలకు మారడం చాలామంది కల. అడుగున పొడవునా ఆసరా ఉండే ఎస్‌బీఆర్ రాడ్లు రాడ్డు వంపును దాదాపు తీసేస్తాయి. హెచ్‌జీఆర్-15 లాంటి చదరపు లీనియర్ పట్టాలు ఇంకా గట్టివి, లూజు కూడా తక్కువ. కానీ పట్టా దాని కింద ఉన్న ఉపరితలం ఎంత చదునో అంత చదునే. వంకరగా ఉన్న అల్యూమినియం ప్రొఫైల్ మీద బిగిస్తే పట్టా కూడా వంకరపోయి, క్యారేజీ ఒకచోట జామ్, ఇంకోచోట వదులు అవుతుంది. ఒక పట్టాను మెషిన్ అంచుకు ఆనించి బిగించాలి. రెండోదాన్ని వదులుగా పెట్టి, గాంట్రీని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తూ అది ఎక్కడ కోరుకుంటే అక్కడ బిగించుకుంటూ పోవాలి.

మూలమట్టం, ప్లే

గట్టిదనం తర్వాతది మూలమట్టం. ఇల్లు కట్టే తాపీ మేస్త్రి పునాది గీసేటప్పుడు మూల నుంచి మూలకు తాడు పట్టి రెండు కొలతలూ ఒకటేనా అని చూస్తాడు. మెషిన్‌కూ అదే. బిట్టుతో బల్ల మీద 200 మి.మీ. చదరం నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెట్టించి, రెండు కర్ణాలు కొలవండి. రెండూ 282.8 మి.మీ. రావాలి. ఒకటి 283.3, ఇంకోటి 282.3 వచ్చిందంటే గాంట్రీ 200 మి.మీ.లో దాదాపు 0.7 మి.మీ. ఏటవాలుగా ఉన్నట్టు. వై దిశకు రెండు మోటార్లు ఉన్న మెషిన్‌లో ఇది తరచూ వస్తుంది, ఎందుకంటే కరెంటు ఆపినప్పుడు ఒక మోటారు కాస్త ముందు, ఇంకోటి కాస్త వెనక ఆగుతాయి. మెషిన్ తన మొదటి చోటును గుర్తుపట్టే హోమింగ్ స్విచ్చులు రెండు పక్కలా వేరువేరుగా పెట్టి, దేనికది తన స్విచ్చు దగ్గర ఆగేలా చేసే కంట్రోలర్ ఉంటే ప్రతిసారీ తనంతట తానే సరిచేసుకుంటుంది. గ్రబ్‌హాల్, ఫ్లూయిడ్ ఎన్‌సీ అనే కంట్రోలర్ ప్రోగ్రాంలు రెండూ ఈ పని చేస్తాయి. కంట్రోల్ బోర్డు మార్చడానికి నాకు నచ్చే అసలు కారణం ఇదే.

స్పిండిల్ నిలువుగా ఉందా అన్నది ఇంకో సంగతి. వంగిన కడ్డీకి డయల్ గేజ్ కట్టి, దాన్ని కాలెట్‌లో పెట్టి చేత్తో చుట్టూ తిప్పితే బల్ల మీద నాలుగు దిక్కులా ముల్లు ఒకే చోట నిలవాలి. తేడా ఉంటే జెడ్ పలక వెనక సన్నని రేకు, అంటే షిమ్ముతో సరిచేసుకోవాలి. వెడల్పాటి బిట్టుతో బల్లను చదును చేసినప్పుడు గీత గీతకూ మెట్టు తగులుతోందంటే, గోటితో తడిమితే తెలిసేంత ఉందంటే, ఈ వాలు ఇంకా మిగిలే ఉంది.

ఇక ప్లే. లేత్ షాపుల్లో ఈ మాట వినని రోజు ఉండదు. క్యారేజీని నడిపే స్క్రూ ఒక దిశ నుంచి ఇంకో దిశకు మళ్లేటప్పుడు నట్టులో ఉన్న సందు పూడే దాకా క్యారేజీ కదలదు. వృత్తం కోసేటప్పుడు ఎక్స్ రెండుసార్లు, వై రెండుసార్లు దిశ మారుస్తాయి. ఆ నాలుగు చోట్లా చిన్న చదును పడుతుంది. వృత్తంలో సరిగ్గా పైన, కింద, ఎడమ, కుడి చదునులు కనిపిస్తే అది ప్లే. ఏటవాలు దిశలో సాగిన అండాకారం వస్తే అది మూలమట్టం లోపం. చదునులు లేకుండా ఎక్స్ వైపో వై వైపో మాత్రమే సాగితే ఆ దిశలో మి.మీ.కి స్టెప్పుల లెక్క తప్పు. వృత్తం ఒక్కటే కోసి ఇన్ని సంగతులు చెప్పించుకోవచ్చు. అందుకే ఏ మార్పు చేసినా ముందొకటి, తర్వాతొకటి 50 మి.మీ. వృత్తం కోసి, వెనక తేదీ రాసి దాచుకోవడం మంచి అలవాటు.

చవక కిట్లలో వచ్చే టీ8 స్క్రూకు స్ప్రింగు పెట్టిన జంట నట్టు వేస్తే ప్లే చాలావరకు తగ్గుతుంది. చిన్న మెషిన్‌కు అది చాలు. నట్టులో గోళీలు దొర్లే బాల్ స్క్రూకు మారితే, ఉదాహరణకు 16 మి.మీ. మందం, తిప్పుకు 5 మి.మీ. నడిచే 1605 రకానికి మారితే, ప్లే తగ్గడమే కాక రాపిడి కూడా బాగా తగ్గుతుంది. ఆ తక్కువ రాపిడి జెడ్ దిశలో తిప్పలు తెస్తుంది: కరెంటు తీయగానే బరువైన స్పిండిల్ తనంతట తానే కిందికి జారి బిట్టును చెక్కకో బల్లకో గుద్దగలదు. జెడ్‌కు బాల్ స్క్రూ వేసేవాళ్లు బ్రేకు ఉన్న మోటారో, బరువును పైకి లాగే స్ప్రింగో ముందే ఆలోచించుకోవాలి.

మోటార్లు, స్పిండిల్: రెండూ ఒకే ముడి

చిన్న చిన్న అడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటారు సాధారణంగా తిప్పుకు 200 స్టెప్పులు వేస్తుంది. మోటారుకు కరెంటు ఇచ్చే డ్రైవర్ ఒక్కో స్టెప్పును 8 ముక్కలు చేస్తే 1,600. 1605 స్క్రూ మీద అది మి.మీ.కి 320. ముక్కలు ఎక్కువైతే పని నునుపుగా వస్తుందని 32కి పెంచితే మి.మీ.కి 1,280 అవుతుంది. ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30,000 పల్సుల కన్నా ఎక్కువ పంపలేదు. అంటే 8 ముక్కలప్పుడు నిమిషానికి 5,600 మి.మీ. దాకా పోగల మెషిన్, 32 ముక్కలప్పుడు 1,400 దగ్గరే ఆగిపోతుంది. నునుపు కోసం 8, లేదా 16 దాటనక్కర్లేదు.

మోటారు బలం గురించి కాగితం మీద రాసి ఉండేది నిలబడి ఉన్నప్పటి బలం. వేగం పెరిగే కొద్దీ అది పడిపోతుంది, ఎందుకంటే కాయిల్‌లోకి కరెంటు ఎక్కడానికి సమయం చాలదు. ఎక్కువ వోల్టేజీ ఇస్తే త్వరగా ఎక్కుతుంది. అందుకే 12 వోల్టుల మీద నీరసంగా ఉన్న నీమా 17 మోటారు, అదే డ్రైవర్ తట్టుకోగలిగితే 24 వోల్టుల మీద హుషారుగా పరిగెడుతుంది. ఇంకా పెద్ద సైజు మోటారైన నీమా 23కి వెళ్లేముందు పవర్ సప్లై మార్చి చూడండి. నీమా 23కి వెళ్తే మాత్రం ఏ4988 లాంటి వేలెడంత డ్రైవర్లు సరిపోవు. డీఎం542 లాంటివి, 36 వోల్టుల సప్లై వేసుకోవాలి. ఇంకో మాట: మామూలు స్టెప్పర్ స్టెప్పు తప్పితే ఆ సంగతి కంట్రోలర్‌కు తెలియదు. బొమ్మ సగం నుంచి పక్కకు జరిగిపోయి కనిపిస్తే ప్లేని అనుమానించకండి. అది తప్పిన స్టెప్పు. ఎక్కడో పట్టేస్తోంది, లేదా త్వరణం ఎక్కువ పెట్టారు.

స్పిండిల్‌ను నేను చివరికి పెట్టడానికి కారణం ఒక చిన్న గుణకారం. బిట్టు పన్ను ఒక్కోసారి తీసే చెక్క పొర మందం, పళ్ల సంఖ్య, నిమిషానికి తిప్పులు, ఈ మూడూ గుణిస్తే మెషిన్ నడవాల్సిన వేగం వస్తుంది. రెండు పళ్ల 3 మి.మీ. బిట్టు, 0.03 మి.మీ. పొర, 10,000 తిప్పులు అయితే నిమిషానికి 600 మి.మీ. అదే బిట్టును 24,000 తిప్పుల స్పిండిల్‌లో పెడితే 1,440 నడవాలి. మెషిన్ వంగుతోందనో మోటారు తట్టుకోలేదనో 300 దగ్గరే నడిపిస్తే పొర 0.006 మి.మీ. అవుతుంది. అంత పలచటి పొరను పన్ను కోయదు, రుద్దుతుంది. రాపిడికి బిట్టు కాలుతుంది, టేకు అంచు నల్లబడుతుంది, పొట్టుకు బదులు పిండి రాలుతుంది. కొత్త స్పిండిల్ పెట్టాక పని ఇంకా పాడైందని బాధపడేవాళ్ల దగ్గర జరిగేది చాలాసార్లు ఇదే. స్పిండిల్ మంచిదే, దాని వేగాన్ని మోయగల చట్రం లేదు. కింద రాలిన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుకుగా, చిన్న చిన్న రేకులుగా ఉంటే కోత సరిగ్గా ఉంది. మైదాలా జారితే తిప్పులు తగ్గించండి, లేదా నడక పెంచండి.

చట్రం సిద్ధమయ్యాక స్పిండిల్ మార్చడం నిజంగా ఆనందమే. స్పిండిల్‌గా పెట్టే చిన్న 775 డీసీ మోటారు నుంచి చెక్క పనివాళ్లు వాడే చేతి ట్రిమ్మర్‌కు మారడం తేలికైన మెట్టు, కానీ దాని గోల అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు వాళ్లు భరించలేరు. అందుకే 800 వాట్ల, 65 మి.మీ. ఒంటి, ఈఆర్-11 కాలెట్ ఉండే వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే పెట్టె) స్పిండిళ్లు, ముఖ్యంగా నీటితో చల్లబడేవి, ఇంటికి నప్పుతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి స్పిండిల్ 24,000 తిప్పులు తిరిగేది 400 హెర్ట్జ్ దగ్గర, పూర్తి 220 వోల్టులు తీసుకునేదీ అక్కడే. వీఎఫ్‌డీ ఫ్యాక్టరీ సెట్టింగు మామూలు మోటార్ల కోసం 50 హెర్ట్జ్‌కే పూర్తి వోల్టేజీ ఇచ్చేలా ఉండొచ్చు. ఆ సెట్టింగు మార్చకుండా స్టార్ట్ నొక్కితే వైండింగు కాలిపోతుంది. మాన్యువల్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, మోటారు కరెంటు, ఈ మూడూ చూసి సరిచేశాకే స్పిండిల్ తీగలు కలపండి.

వీఎఫ్‌డీ వచ్చాక ఇంకో దయ్యం కూడా వెంట వస్తుంది. ఏ స్విచ్చూ తగలకుండానే, మెషిన్ హద్దు దాటిందని చెప్పే లిమిట్ అలారం కొట్టి పని మధ్యలో ఆగిపోవడం. స్పిండిల్ తీగ నుంచి వెలువడే విద్యుత్ అలజడి (నాయిస్) స్విచ్చుల తీగల్లోకి ఎక్కడమే దీనికి కారణం. స్పిండిల్‌కు షీల్డు ఉన్న కేబుల్ వాడాలి, షీల్డును వీఎఫ్‌డీ దగ్గర ఎర్త్‌కు కలపాలి, స్విచ్చుల తీగలను ఆ కేబుల్‌కు దూరంగా లాగాలి, మామూలుగా మూసి ఉండే రకం స్విచ్చులు వాడాలి. వీటన్నిటికీ ముందు ఇంట్లో ఎర్తింగు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. మూడో పిన్ను రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉన్నట్టు కాదు.

సముద్రం పక్కన మెషిన్

విశాఖలో గాలి ఏడాది పొడవునా తేమగానే ఉంటుంది, సముద్రానికి దగ్గరైన కొద్దీ దాంట్లో ఉప్పు కూడా. పెద వాల్తేరులోనో లాసన్స్ బేలోనో మేడ మీది గదిలో మెషిన్ పెట్టుకుంటే, నూనె రాయని రాడ్డు మీద నారింజ రంగు మచ్చలు ఎంతో కాలం ఆగవు. లీనియర్ బేరింగు లోపలి గోళీలు ఆ మచ్చల మీద దొర్లితే గరగర మొదలవుతుంది, తర్వాత ప్లే. పని అయ్యాక పొట్టు దులిపి, నూనె తడిపిన గుడ్డతో రాడ్లు, స్క్రూలు తుడవడం ఇక్కడ తప్పనిసరి. పొట్టు దులపకుండా నూనె రాస్తే అది ముద్దయి సీళ్లను కోస్తుంది. తేమ పీల్చేది కూడా పొట్టే: రాత్రంతా ఇనుము మీద పడి ఉన్న చెక్క పొట్టు కిందే తుప్పు ముందు పడుతుంది.

బల్ల మీద వేసే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన) పలక వానాకాలంలో ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో చదును చేసిన బల్ల సెప్టెంబరులో చదునుగా ఉండదు. అంచులకు, కింది వైపుకు వార్నిష్ పట్టించి, రుతువు మారినప్పుడల్లా పైన పలచగా ఒక పొర తీయించడం మంచిది. చెక్క కూడా అంతే. టింబర్ డిపో నుంచి తెచ్చిన పలకను అదే రోజు కోయకుండా, మెషిన్ ఉన్న గదిలో కొన్నాళ్లు గాలి ఆడేలా నిలబెట్టి ఉంచితే తర్వాత మెలితిరగడం తగ్గుతుంది. మొదటి కోతలకు టేకు, వేప లాంటి వాటి కన్నా ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర లాంటి మెత్తటి, సన్నని ఈనె ఉన్న చెక్క దొరికితే హాయి. అంచు పీచు లేవదు, బిట్టు మీద భారం తక్కువ.

తుఫాను రోజుల్లోనే కాదు, మామూలు రోజుల్లో కూడా పని మధ్యలో కరెంటు పోతుంది. హోమింగ్ స్విచ్చులు లేని మెషిన్‌లో అంతటితో ఆ చెక్క వృథా, ఎందుకంటే బిట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. స్విచ్చులు ఉంటే కరెంటు వచ్చాక మెషిన్ తన మూలకు వెళ్లి లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. పని మొదలైన సున్నా చోటును కంట్రోలర్ జ్ఞాపకంలో జీ54 అనే పేరుతో దాచుకుని ఉంటే ఆగిన వరుసకు కాస్త ముందు నుంచి కోత కొనసాగించవచ్చు. మూడు చిన్న స్విచ్చులతో ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకోటి లేదు. మెషిన్ కట్టిన రోజే వాటిని పెట్టేయాలి.

పొడి విషయం తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో చేర్చింది. ఎండీఎఫ్‌లో జిగురు కూడా ఉంటుంది. బిట్టు చుట్టూ బ్రష్ కట్టిన తొడుగు (షూ), దానికి వాక్యూమ్ గొట్టం, ముఖానికి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. చేతికి గ్లవ్స్ మాత్రం తిరిగే స్పిండిల్ దగ్గర వద్దు, గుడ్డ చుట్టుకుంటే చేతిని లాగేస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ చెయ్యి చాచితే అందేలా ఉండాలి. అది సాఫ్ట్‌వేర్‌కు కబురు పంపే రకం కాకుండా మోటార్ల, స్పిండిల్ కరెంటునే కోసేసేది అయి ఉండాలి. పిల్లలు తిరిగే ఇల్లయితే చుట్టూ అక్రిలిక్ పెట్టె కట్టండి. దాంతో గోల కూడా తగ్గుతుంది.

ఎక్కడ ఆగాలన్నది కూడా కొలతే చెబుతుంది. చేసేది చెక్క మీద అక్షరాలైతే, మొన దగ్గర 2 కిలోలకు 0.1 మి.మీ. లోపు వంపు ఉంటే నా దృష్టిలో అంతకన్నా అక్కర్లేదు. సర్క్యూట్ బోర్డులు గీసుకునే విద్యార్థికి బలం కన్నా బల్ల చదును ముఖ్యం. 0.1 మి.మీ. లోతు కోతలో బోర్డు వంకరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది కాబట్టి బోర్డును తాకి చూసే ప్రోబుతో ఎత్తులు కొలిచి సరిచేసే సాఫ్ట్‌వేర్ చాలు. అల్యూమినియం కోయాలన్నవాళ్లకే ఇంకా గట్టి చట్రం కావాలి. అప్పుడు కూడా పాత మెషిన్‌ను విప్పేయకండి. కొత్తదానికి కావలసిన 12 మి.మీ. గాంట్రీ పలకల రంధ్రాల గుర్తులు, బేరింగు గూళ్ల చుట్టుగీతలు దాని మీదే కోయించుకోవచ్చు: ఒంటి పన్ను బిట్టు, ఒక్కో పొర 0.2 మి.మీ. లోతు, కొంచెం ఆయిల్, దగ్గరే నిలబడి పొట్టు ఊదుతూ. బేరింగు కూర్చునే చివరి కొలత కోసం ఆ పలకలను ఆటోనగర్ తీసుకెళ్లి బోరు చేయించండి. రెండు పక్క పలకలనూ కలిపి బిగించి ఒకేసారి చేయించండి, రెండింటి రంధ్రాలూ ఎదురెదురుగా వస్తాయి.